ఆడపిట్ట జతను ఎంచుకునేటప్పుడు రోగనిరోధక జన్యువులు లెక్కలోకి వస్తాయా?

వేకువపిట్ట:
ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవుల ముక్కలను పట్టి రక్షణ కణాలకు చూపించే అణువులు ఎమ్‌హెచ్‌సీ జన్యువుల వల్ల తయారవుతాయి. ఈ జన్యువులు ఎన్ని రకాలుగా ఉంటే అన్ని రకాల రోగకారకాలు పట్టుబడతాయి గనుక, ఆ వైవిధ్యం పిల్లలకు దక్కేలా ఆడపక్షి మగపక్షిని ఎంచుకుంటుందని నా వాదన. సీషెల్స్‌లోని కజిన్ దీవి వార్బ్లర్లనే చిన్న గానపక్షులే ఇందుకు ఆధారం. 1960లలో ముప్పైకి లోపే మిగిలి, సంరక్షణ వల్ల తిరిగి పెరిగిన ఈ పిట్టల్లో దాదాపు 40 శాతం పిల్లలకు తండ్రి ఆ గూటి మగపక్షి కాదు. జతగాడిలో ఎమ్‌హెచ్‌సీ వైవిధ్యం తక్కువైనప్పుడు పరాయి మగపక్షి సంతానం ఎక్కువగా కనిపించిందనీ, ఆ పరాయి పక్షిలో వైవిధ్యం జతగాడికంటే ఎక్కువనీ రిచర్డ్‌సన్, కోమ్‌డ్యూర్ బృందం 2005లో చూపింది.

నిదానం:
లెక్కలతో నాకు పేచీ లేదు, వేకువపిట్ట గారూ. ‘ఎంచుకుంటుంది’ అన్న క్రియతోనే పేచీ. ఈ వార్బ్లర్లలో ఆడపక్షి గుడ్డు పెట్టబోయే రోజుల్లో మగపక్షి దాని వెన్నంటే తిరుగుతూ కాపలా కాస్తుంది. ఆడపక్షి ఇంకా గుడ్డు పెట్టకముందే గూట్లో నకిలీ గుడ్డు ఉంచితే, పని ముగిసిందనుకుని మగపక్షి కాపలా మానేసిందనీ, పరాయి మగపక్షుల చొరబాటు పెరిగిందనీ కోమ్‌డ్యూర్ ప్రయోగాల్లోనే తేలింది. పైగా కాపలా కాసే పక్షికి మేత తగ్గి ఒళ్లు చిక్కిపోతుంది. వైవిధ్యం తక్కువైన మగపక్షి ఒంట్లో సత్తువ కూడా తక్కువైతే, ఆడపక్షి ఏ ఎంపికా చేయకుండానే మీరు చెప్పిన గణాంకం వస్తుంది కదా? అయినా గిజిగాడి గూడులా కంటికి కనిపించేది కాదు గదా జన్యువు!

వేకువపిట్ట:
కాపలా సంగతి ఒప్పుకుంటాను. అయితే కెనడాలోని కెంట్ దీవి సవానా పిచ్చుకల మాటేమిటి? అక్కడ ఏడాది వయసు ఆడపక్షులు తమ ఎమ్‌హెచ్‌సీని పోలిన మగపక్షులతో జతకట్టడం మానుకున్నాయని 2003లో ప్రచురించారు. పోలిక ఇద్దరి మధ్య ఉండేది; మగపక్షి సత్తువ ఒక్కదానితో దాన్ని వివరించలేం. ఇక కనిపించకపోవడం గురించి: సాంగ్ స్పారో పిచ్చుకలు ఈకలకు పూసుకునే తోకగ్రంథి నూనె రసాయన కూర్పు ఎమ్‌హెచ్‌సీ పోలికతో ముడిపడి ఉన్నట్టు తేలింది. వాసన చాలదా?

పచ్చికబయలు:
మీ రెండు ఉదాహరణలూ ఒకదాన్నొకటి బలపరచడం లేదు. కజిన్ దీవిలో పనిచేసింది మగపక్షి వైవిధ్యం. జతలోని ఇద్దరి మధ్య తేడాకు అక్కడ ఆధారం దొరకలేదు. కెంట్ దీవిలో పనిచేసింది తేడా. స్వీడన్‌లోని క్విస్మరెన్ సరస్సు దగ్గర గ్రేట్ రీడ్ వార్బ్లర్లలో, ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న వైథమ్ అడవి గ్రేట్ టిట్ పిట్టల్లో ఏదీ కనబడలేదు. వైవిధ్యం దొరికినా, తేడా దొరికినా, మరీ ఎక్కువా తక్కువా కాని మధ్యస్థ వైవిధ్యం దొరికినా సిద్ధాంతం నెగ్గినట్టే అంటే, అది ఓడే దారి ఏది? కొలత చిక్కు కూడా ఉంది. కోడిలో ఈ జన్యువులు కొన్నే. గానపక్షుల్లో అవి ఎన్నో నకళ్లుగా పెరిగాయి. డీఎన్ఏ ముక్కలను జెల్ మీద గీతలుగా విడదీసి పోల్చిన పాత పద్ధతిలో ఏ గీత ఏ నకలుదో చెప్పలేం.

నిదానం:
ఓడే దారి ఆ నకిలీ గుడ్డులోనే ఉందనుకుంటాను. వైవిధ్యం ఎక్కువున్న మగపక్షుల గూళ్లలోనూ తక్కువున్న వాటి గూళ్లలోనూ నకిలీ గుడ్డు పెట్టి అందరి చేతా కాపలా మాన్పిస్తే, రెండో గుంపు ఆడపక్షులకే పరాయి పిల్లలు ఎక్కువ పుట్టాయో లేదో చూడవచ్చు. ఆ తేడా అప్పుడూ నిలిస్తే నా కాపలా వాదనను నేనే వెనక్కి తీసుకుంటాను.