ఇంట్లో పెద్దల దిగులు ఏడాదిన్నర పాప ఎదుగుదల మీద ఎంతవరకు పడుతుంది?

ప్రశ్న (తిరుపతి గృహిణి):
మా వారు శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగి; రాత్రంతా పనిచేసి వచ్చి పగలు నిద్రపోతారు. మామగారి వైద్యానికి చేసిన అప్పు వల్ల ఇంట్లో తరచుగా మాటా మాటా పెరుగుతోంది. పాపకు ఏడాదిన్నర దాటింది. పిలిస్తే తిరిగి చూస్తుంది, కావలసినది వేలితో చూపుతుంది, కాని నాలుగైదు మాటలకు మించి పలకదు. పెద్దల గొంతు హెచ్చితే ఆట మాని మూలకు చేరుతుంది. కాన్పు అయినప్పటి నుంచి నాకూ దేని మీదా మనసు నిలవడం లేదు, పాపను ఒళ్లో పెట్టుకున్నా మాట్లాడాలనిపించదు. రంగుల కార్డులు, మాట్లాడే బొమ్మలు కొనమని బంధువులు అంటున్నారు. వాటితో సరిపోతుందా?

జవాబు (చిత్తూరు, పిల్లల మనస్తత్వ శాస్త్ర అధ్యాపకురాలు):
బొమ్మల సంగతి తర్వాత చూడవచ్చునమ్మా, ముందు మీ ఆరోగ్యం చూడాలి. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగంలో, అప్పటిదాకా బిడ్డతో ఆడుతున్న తల్లి కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ నవ్వి, చేతులు చాచి, కేక వేసి ఆమెను మళ్లీ ఆటలోకి రప్పించాలని చూస్తుంది, ఫలించకపోతే ముఖం తిప్పుకుంటుంది. దిగులులో ఉన్న తల్లి ప్రేమ లేక మౌనంగా ఉండదు, బిడ్డ పిలుపుకు బదులు పలికే ఓపిక లేక ఉంటుంది. ఆ బదులు పలుకుల నుంచే భాష పుడుతుంది కనుక బంధువులు చెప్పే కార్డులు ఆ లోటు తీర్చలేవు.

అయితే తల్లీబిడ్డలు ప్రతి క్షణం ఒకే శ్రుతిలో ఉండనవసరం లేదని, తప్పిన శ్రుతి మళ్లీ కలవడమే ముఖ్యమని కూడా ట్రానిక్ పరిశీలనలు చెబుతున్నాయి. గొడవ జరిగిన తర్వాత పాపను దగ్గరకు తీసుకోవడం, మీరిద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం ఆమె కళ్లపడడం చిన్న విషయాలు కావు. కాన్పు తర్వాత వచ్చే మామూలు బెంగ సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. మీది అంతకన్నా చాలా కాలంగా ఉంది కాబట్టి వైద్యులను కలవండి. కాన్పు తర్వాత ఇలా విడవకుండా ఉండే దిగులును గుర్తించడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉండేవి పది ప్రశ్నలే. ఆసుపత్రికి వెళ్లడానికి సంకోచమైతే ముందుగా ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి.

జవాబు (చంద్రగిరి, ఇద్దరు పిల్లల తండ్రి):
తల్లి సంతోషంగా ఉండాలని ఉపదేశించడం సులభం, ఆమెకు నిద్ర దొరికే దారి ఎవరూ చెప్పరు. నేనూ రాత్రి షిఫ్టులు చేసినవాడినే. ఇంటికి రాగానే పడుకోకుండా పాపకు స్నానం చేయించి, తినిపించి, ఆ తర్వాతే నిద్రపోయేవాడిని. దిగులు తండ్రులకూ వస్తుంది. అప్పు బరువు మోస్తున్న మీ వారిని కూడా అడిగి చూడండి.

జవాబు (పుత్తూరు, విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త):
పైవారు చెప్పినవి సరైనవే, కాని మాటలు ఆలస్యమైన ప్రతిసారీ ఇంటి వాతావరణాన్నే తప్పుపట్టడం నాకు నచ్చదు. పిలిస్తే తిరిగి చూసినంత మాత్రాన వినికిడి పూర్తిగా బాగున్నట్లు కాదు. మీ అంగన్‌వాడీకి వెళ్లి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం ఎప్పుడు వస్తుందో అడగండి; ఆ బృందం ఎదుగుదలలో ఆలస్యాన్ని కూడా పరిశీలిస్తుంది. అంతవరకు ఆగలేకపోతే పిల్లల వైద్యుని చేత వినికిడి పరీక్ష రాయించుకోండి. అప్పు లెక్కలు పాప నిద్రపోయిన తర్వాత మాట్లాడుకోండి, గోరుముద్దలు తినిపించే వేళను వాళ్ల అవ్వకు అప్పగించండి. ఆ అరగంటా కబుర్లు చెప్పే పెద్దదిక్కు పాపకు దొరుకుతుంది, మీకు విశ్రాంతీ దొరుకుతుంది.