గోపాల్‌పూర్‌లో అలలు మెరిశాయి, వల ఎందుకు ఖాళీ?

తెప్ప_గోపాల్‌పూర్: మొన్న అమావాస్య రాత్రి అల విరిగినప్పుడల్లా నీలం మెరుపు. వల లాగితే మోచేతుల దాకా మెరిసింది. ప్లాంక్టన్ అంటే సముద్రంలో గడ్డి, అది పెరిగితే చేప పెరుగుతుందని మా వాడి పుస్తకంలో ఉందట. నాకు పడింది రెండు బుట్టల జెల్లీ చేపలు, గుప్పెడు నెత్తళ్లు. గడ్డి ఇంతుంటే చేప ఏది?

బరంపురం_మాస్టారు: బావా, నువ్వు చూసింది నాక్టిల్యూకా అయ్యుంటుంది, కదిపితే మెరిసే ఏకకణ జీవి. అందులో ఎర్ర రకం గడ్డి కాదు, గడ్డి మేసేది. డయాటమ్‌లనే సూక్ష్మ నాచును మింగుతుంది, చేప గుడ్లు దొరికితే వాటినీ వదలదు. అసలు గడ్డి డయాటమ్‌లే. వాటిని కోపిపాడ్‌లు అనే రొయ్యలాంటి చిన్న జీవులు, కోపిపాడ్‌లను నెత్తళ్లు, నెత్తళ్లను వంజరం తింటాయి. ఒక్కో మెట్టు దగ్గర సుమారు పదో వంతే పైకి చేరుతుంది. వెయ్యి కిలోల డయాటమ్‌లకు వంజరం ఒక్క కిలో అనుకో.

సోన్‌పూర్_చిన్నా: మెరుపు ఫొటో ఉందా?

తెప్ప_గోపాల్‌పూర్: పొద్దున చూస్తే వల పచ్చగా, జిగటగా ఉంది మాస్టారూ. గడ్డి కాకపోతే పచ్చదనం ఎక్కడిది?

బరంపురం_మాస్టారు: వలకు అంటింది వేరు, మెరిసింది వేరు. రెండూ ఒకే నీటిలో ఉండొచ్చు.

తెప్ప_గోపాల్‌పూర్: పచ్చగా ఉందా లేదా, అది చెప్పండి.

చిలికా_ఒడ్డు: బంగాళాఖాతం తీరే అంత. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మంచినీళ్లు ఉప్పునీటి మీద మీగడలా పరుచుకుంటాయి. అడుగున ఉన్న ఎరువు పైకి రాదు. కేరళ వైపు వానాకాలం గాలికి అడుగు నీళ్లు పైకి తన్నుకొస్తాయి. కవళ్లు (సార్డీన్ చేపలు) ఆ మేతను నేరుగా తింటాయి, మధ్యలో మెట్లు తక్కువ. మంచి ఏడాదిలో అక్కడ అవి అంత విస్తారంగా పడేది అందుకే.

తెప్ప_గోపాల్‌పూర్: మా తమ్ముడు అందుకే గుజరాత్ వెళ్లి వేరావల్ బోటెక్కాడా? మీగడ వల్లా? రుషికుల్య నది మొగ దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా తాబేలుకి 20 కిలోమీటర్ల సముద్రం రాసిచ్చారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లకు వేట బందు. మిగిలినప్పుడు తుఫాను.

బరంపురం_మాస్టారు: ఆలివ్ రిడ్లీ తాబేలు జెల్లీ చేపల్ని తింటుంది బావా. ఆ జెల్లీ చేపలే నీ చేప పిల్లల్ని, వాటి మేతని తినేది. తాబేలు నీకు శత్రువు కాదు.

తెప్ప_గోపాల్‌పూర్: ఒరేయ్, తాబేళ్లు లక్షల్లో వస్తే నా బుట్టలు జెల్లీతో ఎందుకు నిండాయిరా? కిందటేడు గస్తీవాళ్లు పట్టుకుపోయిన వల మీ అక్క గాజులు తాకట్టు పెట్టి కొన్నది. తాబేలు గుడ్లకు కంచె కట్టారు. మా ఇంటికి ఎవరొచ్చారు?

బరంపురం_మాస్టారు: మెట్ల లెక్క చెప్పింది ఆ కోపం తగ్గుతుందని కాదు. ఏడేళ్ల నుంచి బరంపురం వచ్చెయ్యమంటున్నాను. వలను పట్టుకుని వేలాడుతున్నావని అక్క ఏడుస్తోంది.

తెప్ప_గోపాల్‌పూర్: అదీ అసలు సంగతి. అక్క చెప్పిందా, నువ్వు అనుకున్నావా?

బరంపురం_మాస్టారు: అక్కే చెప్పింది. పడవ అమ్మేస్తున్నావటగా?

తెప్ప_గోపాల్‌పూర్: నిన్న సాయంత్రం బేరం కుదిరింది. ఇంజిన్ విడిగా ఇస్తాను.

సోన్‌పూర్_చిన్నా: ఎన్ని హెచ్‌పీ, బాబాయ్?

తెప్ప_గోపాల్‌పూర్: 9.9. ప్రొపెల్లర్ మొన్నే మార్చాను.