రొయ్యల ప్లాంటు నీళ్లలో ఫాస్ఫరస్ తీయడానికి బ్యాక్టీరియానా, పటికా?

గెడ్డగట్టు, శ్రీకాకుళం:
మా గెడ్డ మీద మళ్లీ నాచు కట్టింది, గుర్రపుడెక్క అల్లుకుపోయింది. పైనున్న రొయ్యల ప్లాంటు వాళ్లు ఇకపై పటిక మానేసి, ఈ నాచును పెంచే ఫాస్ఫరస్‌ను బ్యాక్టీరియాతో తీస్తారట. పటిక వేస్తే అప్పటికప్పుడు అడుగుకు దిగడం కళ్లారా చూస్తాం. కంటికి కనబడని దాన్ని ఎలా నమ్మడం?

ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) ఆపరేటర్:
అన్నా, నమ్మొచ్చు, కాకపోతే కాపలా ఉండాలి. రొయ్యల బరువు తగ్గకుండా ట్రైపాలీఫాస్ఫేట్ అనే ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడతారు. ఫాస్ఫరస్‌లో చాలా భాగం అక్కణ్నుంచే వస్తుంది. ముందు గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియా కొవ్వు ఆమ్లాలు తిని, తన ఒంట్లోని ఫాస్ఫేట్‌ను బయటికి వదులుతుంది. అక్కడ కొలిస్తే ఫాస్ఫరస్ పెరిగి కనిపిస్తుంది, కొత్తవాళ్లకు టెన్షన్. తర్వాత గాలి కొట్టే ట్యాంకులో, వదిలినదానికన్నా ఎక్కువ పీల్చి దాచుకుంటుంది. ట్యాంకులో బ్యాక్టీరియా ముద్దకట్టిందే మేం బురద అనేది. మామూలు బురద ఎండు బరువులో ఫాస్ఫరస్ 2 శాతం ఉంటే, ఈ బురదలో 5 నుంచి 7 శాతం దాకా చేరుతుంది. గాలి కొట్టిన బురద ఇలా ఫాస్ఫరస్‌ను లాగేస్తుందని శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై 1959లోనే రాశారు. ముగ్గురూ మన దేశం వాళ్లే.

రేకుల షెడ్డు, విజయనగరం:
మేం పెయింటు వేసే ముందు ఇనుప రేకులకు ఫాస్ఫేటింగ్, అంటే ఫాస్ఫేటు పూత, చేస్తాం. మా నీళ్లలో ఫాస్ఫరస్ ఉంది, బ్యాక్టీరియాకు తిండే లేదు. తిండి కొనిపెట్టి పెంచేకన్నా మాకు సున్నమే నయం. అందరికీ ఒకే మందు రాయకండి.

ఈటీపీ ఆపరేటర్:
మీరన్నది నిజం. రొయ్యల నీళ్లలో తిండికి లోటు లేదు కాబట్టే అక్కడ చేయమంటున్నాను. పటికతో బురద కుప్పలుగా పెరుగుతుంది, దాన్ని మోయించే ఖర్చూ పెరుగుతుంది. అయితే మే నెల ఎండల్లో నీళ్లు 28 డిగ్రీలు దాటితే, తిండి తినేసి ఫాస్ఫరస్ ముట్టని వేరే బ్యాక్టీరియా పైచేయి సాధిస్తుంది. అందుకే పటిక లైను పీకేయకూడదు.

గెడ్డగట్టు:
కరెంటు పోయి బ్లోయర్ ఆగితే?

ఈటీపీ ఆపరేటర్:
అసలు భయం అదే అన్నా. గాలి అందక బురద నిలవుంటే దాచుకున్నదంతా మళ్లీ నీళ్లలోకి కక్కేస్తుంది. ఫాస్ఫరస్ గాలిలో కలిసిపోయేది కాదు, బురదతోనే బయటికి పోవాలి. మీరు ప్లాంటుకు వెళ్తే ట్యాంకులు చూసి వచ్చేయకండి. బురద రోజూ ఎంత తీశారు, ఎక్కడికి పంపారు అని రిజిస్టర్ అడగండి. గెడ్డలోకి వదిలే నీళ్లలో కరిగిన ఫాస్ఫేటు, ఫాస్ఫరస్ లెక్కన, లీటరుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ రిపోర్టు కూడా చూపించమనండి.

గెడ్డగట్టు:
సోమవారం పదిమందిమి వెళ్తాం. బురద లారీ ఎటు పోతోందో ముందు అదే అడుగుతాను.