ఎక్స్‌టన్‌లో ఇంటి వెనక అడవి: జింకల కోసం ట్రెయిల్ కెమెరా ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న, ఎక్స్‌టన్ (పెన్సిల్వేనియా) నుంచి:

అందరికీ నమస్కారం. మొన్న ఆగస్టులో ఈ ఊరొచ్చాం. ఇంటి వెనకాల కొంచెం అడవి, అది దాటితే చిన్న వాగు. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. తెల్లారకముందే లేచి జింకల కోసం కిటికీ దగ్గర నిలబడుతున్నారు. ఆయన కోసమే ట్రెయిల్ కెమెరా (ఎదురుగా ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసేది) కొని డెక్ స్తంభానికి కట్టాను. ఆకులు ఊగడం తప్ప ఏమీ పడట్లేదు. ఎక్కడ పెట్టాలి? పర్మిషన్ ఏమైనా కావాలా? కొత్తవాళ్లం, కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు, డౌనింగ్‌టౌన్ నుంచి:

ముందు పర్మిషన్ సంగతి చూద్దామండి. ఫొటోలు తీసుకోవడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. కానీ ఇంటి వెనక కనిపించే అడవంతా మనదే అనుకోవద్దు. చాలా కమ్యూనిటీల్లో అది హెచ్‌ఓఏదో (ఇళ్ల యజమానుల సంఘం), టౌన్‌షిప్‌దో (స్థానిక ప్రభుత్వం), పక్కింటివాళ్లదో అయి ఉంటుంది. కౌంటీ వెబ్‌సైట్‌లో పార్సిల్ మ్యాప్ ఉంటుంది, మీ హద్దు ఎక్కడిదాకా ఉందో చూసుకోండి. చెట్ల మీద ఊదారంగు పెయింట్ గీతలు కనిపిస్తే అడుగు ముందుకు వేయకండి. 2020 నుంచి ఈ రాష్ట్రంలో చాలా కౌంటీల్లో దానికి 'లోపలికి రావద్దు' బోర్డుకున్నంత విలువ ఉంది. కెమెరా మీ స్థలంలోనే ఉన్నా, పక్కవాళ్ల కిటికీలూ పెరడూ అందులో పడకూడదు.

ఇక చోటు. జింక పగలు దట్టమైన పొదల్లో పడుకుంటుంది. సాయంత్రం మేతకు బయల్దేరి, పొద్దున్నే వెనక్కి వస్తుంది. మనకు కావాల్సింది ఆ రెండింటి మధ్య దారి. దాన్ని నేల మీద వెతకాలి. మధ్యాహ్నం పూట నాన్నగారిని కూడా తీసుకెళ్లి, అడవీ గడ్డీ కలిసే అంచు వెంట నెమ్మదిగా నడవండి. ఆకులు నలిగి, అడుగు వెడల్పున సన్నగా అరిగిన బాట కనిపిస్తుంది. తడిమట్టిలో రెండుగా చీలిన గిట్టల గుర్తులుంటాయి. పాత కంచె ఉంటే తీగ వంగిన చోట చూడండి, బూడిదరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. వాగు గట్టు ఏటవాలుగా తగ్గిన చోటే అవి దాటతాయి. నన్నడిగితే మీకు ఆ దాటే చోటును మించింది లేదు. ఎటు నుంచి వచ్చినా అక్కడికి చేరాల్సిందే.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో వైట్ ఓక్ చెట్టు కాయలు రాలుస్తుంటే దాని కింద పెట్టినా బాగుంటుంది. అక్టోబర్ చివరికి మగ జింకలు గిట్టలతో ఆకులు తవ్వేసి నేలను నున్నగా చేస్తాయి. సరిగ్గా దాని పైకి ఒక కొమ్మ వాలి ఉంటుంది, దాని చివర నమిలినట్టు నలిగి ఉంటుంది. అలాంటి చోటు దొరికితే మాత్రం కెమెరా అక్కడికి మార్చండి. నవంబర్ మధ్యలో ఎద సీజన్ జోరుగా ఉంటుంది. అప్పుడు పెద్ద కొమ్ముల మగవి పగలు కూడా తిరుగుతాయి.

కట్టే పద్ధతి కూడా ముఖ్యమే. బాటకు అడ్డంగా ఎదురు పెడితే కెమెరా మేలుకునేలోపు జింక దాటిపోతుంది, తోక మాత్రమే పడుతుంది. బాట వెంట ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో, 15 అడుగుల దూరం నుంచి పెట్టండి. ఎత్తు మూడడుగులు చాలు. ముఖం ఉత్తరానికి ఉంటే పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా లెన్సులో కొట్టవు. సన్న చెట్టుకు కట్టకండి, గాలికి అది ఊగితే కెమెరాకు ప్రపంచమంతా కదిలినట్టే. ఎదురుగా ఉన్న గడ్డీ రెమ్మలూ కోసేయండి, మీకు పడుతున్న ఆకుల ఫొటోలు ఆగిపోతాయి. చలికాలానికి లిథియం బ్యాటరీలే వేయండి. ఫొటోలుండే మెమరీ కార్డు కోసం రోజూ వెళ్లకండి. మన వాసన తగిలితే అవి దారి మార్చేస్తాయి.

జవాబు, మాల్వర్న్ నుంచి:

పైన చెప్పినవన్నీ నిజం. మాది నల్లమల పక్క ఊరు. అక్కడ పులుల లెక్కకు బాటకు రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు పెడతారు, కుడి పక్క చారలు ఎడమ పక్కవాటిలా ఉండవు కాబట్టి. జింకలకు ఒక్కటి చాలు, రెండోది కొనకండి.

దయచేసి జింకల్ని రప్పించడానికి మొక్కజొన్నలు మాత్రం పోయొద్దు. ఇక్కడి జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉంది, దానికి మందు లేదు. ఒకేచోట మూతులు పెట్టి తింటే ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. ఆ జబ్బును అదుపు చేయడానికి గేమ్ కమిషన్ (ఈ రాష్ట్ర వన్యప్రాణుల శాఖ) హద్దులు గీసిన ప్రాంతాల్లో జింకలకు మేత పెట్టడమే నిషేధం.

అడవిలోకి వెళ్లేటప్పుడు పొడుగు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపండి. లైమ్ జబ్బు తెచ్చే పిల్ల టిక్ (ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదు) గసగసాల గింజంత ఉంటుంది. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక చూసుకోండి. నాన్నగారికి మీరే చూడండి, ఆయనకు ఆనకపోవచ్చు.

మన వైపు విల్లంబుల వేట సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది. థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం వచ్చే పండగ) తర్వాతి శనివారం నుంచి తుపాకుల సీజన్. ఆ రోజుల్లో మీ పెరటి అంచుకు వెళ్లినా ఇద్దరూ ఆరెంజ్ వెస్టు వేసుకోండి.

ఎక్స్‌టన్ నుంచి:

చాలా థాంక్స్ అండి. మ్యాప్ చూశాను, వాగు ఇవతలి గట్టు వరకే మాది. అవతలిది పక్కింటివాళ్లది. దాటే చోటు వాళ్ల వైపే ఉన్నట్టుంది.

డౌనింగ్‌టౌన్ నుంచి:

వెళ్లి అడిగేయండి. శనివారం పగటిపూట, నాన్నగారితో కలిసి వెళ్లి, కెమెరా చేతిలో పెట్టి చూపించండి. ఫొటోలు వాళ్లకూ పంపిస్తామని చెప్పండి. వద్దంటే ఇవతలి గట్టు మీద మీ చెట్టుకే కట్టి, నీళ్లలోంచి పైకెక్కే బాట వైపు తిప్పండి.