సమస్య: రాతిగోడ కంట రక్తమొలికె

నిర్వాహకుడు: ఈసారి సమస్యగా ఆటవెలది (నాలుగు పాదాల చిన్న పద్యం) నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు రాసి పూరించాలి. గుడి చిత్రాలో, వాటి చుట్టూ అల్లుకున్న కథో పూరణలో రావాలి.

పెన్నాతీరం: లేపాక్షి వీరభద్రాలయాన్ని తలచుకొని,

కోశధనము గుడికిఁ గుమ్మరించెననుచు
రాజు దండమనిన రగిలి తానె
కనులు పెరికి విసరెఁ గద విరూపణ్ణ, యా
రాతిగోడకంట రక్తమొలికె

విరూపణ్ణ విజయనగర రాజు అచ్యుతరాయల కోశాధికారి. గోడమీది ఎర్రమచ్చలు ఆయన కళ్లవేనని జనం చెప్పుకుంటారు.

నిర్వాహకుడు: 'గోడకు అంట' అని విరిచారు, భేష్! 'గద' మాత్రం పాదం నింపడానికే వచ్చింది. 'విసరెఁ గటకట! విరుపణ్ణ' అంటే యతీ (పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరం కుదరడం) నిలుస్తుంది, జాలీ పలుకుతుంది. అయితే మచ్చ చిత్రం కాదు కదండీ.

చిత్రావతి: చిత్రమే కావాలంటే అదే గుడి మండపం కప్పుమీద మనునీతిచోళుడనే రాజు కథ ఉంది. ఆయన కొడుకు రథం కింద దూడ పడితే, తల్లి ఆవు న్యాయం కోసం గంట కొట్టింది.

దూడ కూలె రథము తొక్కఁగ; గంటతో
మోఁత సేయ నావు, మొరకుఁ గరఁగి
కొడుకునైనఁ జంపఁ గోరెఁ జోళుఁడు, బొమ్మ
రాతిగోడ కంట రక్తమొలికె

జేగురు: 'మొరకుఁ గరఁగి' చాలా బాగుందమ్మా. కానీ ఆ రక్తం దూడదా, కొడుకుదా? తేలలేదు.

చిత్రావతి: ఇద్దరిదీ అనే నా భావం. అసలు ఇది తమిళనాట తిరువారూరు కథ. దాన్ని రాయలసీమ గుడికప్పుమీద రాయించారంటే ఊరికే కాదు. ఆవు గంట కొడితే రాజు తన కొడుకునైనా విడవకూడదని, తలెత్తిన ప్రతి అధికారికీ కనబడాలి. ఆ గుడి కట్టించిన విరూపణ్ణకే న్యాయం దక్కలేదని జనం అక్కడి గోడకే ఇంకో కథ అంటించారు. ఆ రెంటినీ కలిపి చూస్తేనే నాకు లేపాక్షి అర్థమవుతుంది.

నిర్వాహకుడు: ఈ మాటంతా పద్యంలోకి రావాలి. సీసం లాంటి పెద్ద పద్యం ఎత్తుకోండి, ఆటవెలదిలో పట్టదు.

జేగురు: నాది వీరభద్రుడిమీద. అదే గుడి కప్పుమీద చిత్రించిన, సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న మూర్తి.

ఎఱ్ఱమన్ను నూఱి యీశ్వరు కోపముఁ
గుంచెతోడ దిద్దె గుబులు పుట్ట;
దక్షయజ్ఞమందుఁ దలపడు రుద్రుఁడై
రాతిగోడ కంట రక్తమొలికె

పెన్నాతీరం: గోడే రుద్రుడైంది కాబట్టి కన్నూ గోడదే, గోడకు కన్నెక్కడిదన్న చిక్కు పూర్తిగా విడిపోయింది. కప్పును గోడ అన్నందుకు నాకు అభ్యంతరం లేదు. 'గుబులు పుట్ట' ఒక్కటే మార్చండి జేగురు గారూ. ఆ రూపం కింద నిలబడితే భయంకన్నా ముందు శరణనాలనిపిస్తుంది. విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ కూడా అక్కడ భక్తులుగానే తమ బొమ్మలు రాయించుకున్నారు.