కంజిర తోలు మీది సంతకం తేమకు అలుక్కుపోతోంది, ఏం పూయాలి?

శ్రీరామనవమికి మా ఊరి గుడిలో కచేరీ అయ్యాక చూస్తే, నేను ఎంతో ఆరాధించే మృదంగ విద్వాంసులు శ్రోతల్లో కూర్చుని ఉన్నారు. అడగ్గానే నా కంజిర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న తోలు వాద్యం) మీదే పర్మనెంట్ మార్కర్‌తో సంతకం చేసిచ్చారు. ఆ తోలుతోనే వాయించాలని నా కోరిక.

మేకతోలు, పనస చట్రం, వ్యాసం ఏడంగుళాలు. సంతకం బయటివైపు, చట్రం అంచు పక్కనే, రెండంగుళాల పొడవు. వేళ్లు అక్కడ పడవు కాబట్టి అరుగుదల లేదు. సమస్యంతా నీళ్లతోనే. శ్రుతి దించడానికి లోపలివైపు తడి అద్దక తప్పదు కదా. తోలు పల్చన, తేమ పైకి ఊరుతుంది. పది నిమిషాల్లో నల్ల గీతల అంచులు ఊదారంగుకు తిరిగి పాకుతున్నాయి. సంతకం ఉన్న మేర వదిలేసి మిగతా చోటే తడిపితే శ్రుతి సమంగా దిగదు, నాదం పగులుతుంది.

పైన పారదర్శకమైన టేపు అంటించాను. గుంకి (తోలును నొక్కి సాగదీసే మంద్ర నాదం) చచ్చిపోయింది, తేమకు టేపూ ఊడింది. లక్క పాలిష్‌ను పాత తోలు మీద పరీక్షించాను. అందులోని స్పిరిట్ మార్కర్ సిరాను కరిగించేసింది, ఆరాక తోలు అట్టలా బిగిసి నీళ్లకు లొంగలేదు. తేనెమైనం పల్చగా రుద్దితే సిరా కదల్లేదు గానీ, కచేరీ లైట్ల వేడికి మెత్తబడి దుమ్ము పట్టింది.

తోలు కోసి పటం కట్టించడం చివరి మార్గం. వాద్యాలు తయారుచేసేవాళ్లు, తోలుపని తెలిసినవాళ్లు చెప్పండి: స్పిరిట్ లేకుండా, ఆరాక కూడా తోలుతో పాటు సాగుతూ, తేమను ఆపే పూత ఏది?