సమస్య: తిన్నవాఁడె యాఁకటితోడఁ దిరుగుచుండు

నిర్వాహకుడు (బరంపురం):
ఈ వారం పాదం తేటగీతిలో. ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. అంశం ప్రయాణాలు, తిండి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మనకు రెండు వంటిళ్ల రుచులూ తెలుసు. పద్యంలోకి ఒడియా మాట వస్తే రానివ్వండి, యతి (పాదం మొదటి అక్షరానికి, నడుమ యతిస్థానంలోని అక్షరానికి పొత్తు) కుదిరితే చాలు. యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది.

ఛత్రపురం తమ్ముడు:
పొట్టకూటికై సూరతు పోయినాను,
మెస్సు కూడు తింటిని గాని రుచియు లేదు;
ఇంటి పులుసును దలఁచుచు నెల్లవేళ
తిన్నవాఁడె యాఁకటితోడఁ దిరుగుచుండు

నిర్వాహకుడు:
గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లని కుటుంబం మన పల్లెల్లో అరుదు. ఆ సంగతి తెచ్చావు, బాగుంది నాయనా. కానీ రెండో పాదంలో ‘మె’కు ‘రు’ యతి కాదు. పైగా ‘పోయినాను’ అని మొదలుపెట్టి ‘తిరుగుచుండు’ అంటే మనిషి మారిపోయాడు. ‘పోయినాఁడు’ అను. తర్వాత ‘మెస్సు కూడును దినెఁ గాని మెచ్చలేదు’ అను. మెస్సు, మెచ్చు ఎదురుబొదురుగా నిలబడతాయి. ఇక ఇంటి పులుసు అంటే ఎవరి ఇంటిది? ఏ పులుసు?

ఛత్రపురం తమ్ముడు:
మా అమ్మ చింతపండు పోయదు గురువుగారూ. ఎండిన మామిడి ముక్కలు వేస్తుంది, ఆంబులా.

నిర్వాహకుడు:
మరి అదే కదా పద్యం! ‘ఆంబులను వేయు పులుసుకై యంగలార్చి’ అని మార్చు.

జయపురం మాస్టారు:
పహల రసగుల్ల, పూరిలోఁ బప్పుదాల్మ,
కటకమునఁ దహిబరతోడఁ గలియు నాలు
దమ్ము, జేపురు రాగుల ద్రావకమ్ము
తిన్నవాఁడె యాఁకటితోడఁ దిరుగుచుండు

నిర్వాహకుడు:
యతులకు వంక లేదు. కానీ మాస్టారూ, ఇది పద్యమా, హోటలు గోడమీది పలకా? దాల్మాలోనే పప్పు ఉంది, మళ్లీ పప్పుదాల్మా ఏమిటి? ‘పూరిలోఁ బ్రభుని దాల్మ’ అంటే జగన్నాథుడి వంటశాల గుర్తొస్తుంది. ఆలుగడ్డ, టమాటా చేరనివ్వని దాల్మా అది. ఇక ‘ద్రావకం’ అంటే నాకు బ్యాటరీలో పోసేదే తడుతుంది.

జయపురం మాస్టారు:
మందుల సంచి భుజాన వేసుకుని ముప్పై ఏళ్లు తిరిగినవాడి జీవితం జాబితాగానే ఉంటుందండీ. ద్రావకం తప్పే, ఒప్పుకుంటున్నాను. కొరాపుట్ వైపు సంతలో ఒక అవ్వ సొరబుర్రలోంచి మాండియా (రాగి) జావ ఆకుదొన్నెలో వంచి ఇచ్చేది. పులుపెక్కిన జావ. ఎండలో అది తాగాక ఇక నడవగలిగేవాణ్ణి.

నిర్వాహకుడు:
సొరబుర్ర, దొన్నె ఇంట్లో దాచుకుని మాకు ద్రావకం పోశారా! ప్రస్తుతానికి ‘దమ్ము, జేపురు సంతలోఁ ద్రాగు జావ’. జావను ‘తిన్నవాఁడు’ అంటే కొందరు గొణుగుతారు, గొణగనివ్వండి. ఆ అవ్వకు వేరే పద్యం బాకీ ఉన్నారు.

రాయగడ లారీ అన్నయ్య:
చద్ది మూటను విప్పితిఁ జల్లగాను;
మిరప, యుల్లి, మజ్జిగ నాకు మేలు విందు;
లారి నాపెడి చోటను లంచ మెపుడు
తిన్నవాఁడె యాఁకటితోడఁ దిరుగుచుండు

నిర్వాహకుడు:
తినేదాన్నే మార్చేశారు! అవధానంలో అయితే చప్పట్లు పడేవి. ఏ చోటో చెప్పకండి, రేపు అటే వెళ్లాలి మీరు.

పర్లాకిమిడి సోదరి:
మఱచె నిప్పుడు తినినది, మఱువఁ డెపుడు
పాతపట్నపు వడలును, బనసతొనలు;
రైలు దిగకయె యింటిలో రాత్రి పగలు
తిన్నవాఁడె యాఁకటితోడఁ దిరుగుచుండు

మా నాన్నగారు నౌపడ–గుణుపురం నారోగేజి బండిలో గార్డు. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా. 2004లో చిన్నబండి ఆగింది. 2011లో పెద్దబండి వచ్చింది కానీ అది తన బండి కాదంటారు. ఇప్పుడు మతిమరుపు. కంచం ఎత్తిన పది నిమిషాలకే ఆకలంటూ గదిగదికీ తిరుగుతారు.

జయపురం మాస్టారు:
నా జాబితా వెనక్కి తీసుకుంటున్నానమ్మా.

నిర్వాహకుడు:
‘రైలు దిగకయె యింటిలో’ దగ్గర ఆగిపోయాను. రై–రా యతి సరిపోయిందని రాయడానికి కూడా కాస్త సేపు పట్టింది. మార్చడానికి ఏమీ లేదు.

పర్లాకిమిడి సోదరి:
ఉందండీ. నాన్నకు చదివి వినిపించాను. ‘వడలు పాతపట్నంలో కాదు, టెక్కలిలో’ అన్నారు. కానీ టెక్కలి పెడితే పనసకు యతి పోతుంది. పాతపట్నమే ఉంచమంటారా?

నిర్వాహకుడు:
గార్డుగారి మాట తీసేసి యతిని నిలబెట్టలేం. ప్రాసయతి వాడుదాం:

టెక్కలినిఁ దిన్న వడ, పనసొక్క తునక

టెక్క, సొక్క. పనస ఒక్క తునకే మిగిలింది, నాన్నగారు ఏమీ అనుకోరు కదా?

పర్లాకిమిడి సోదరి:
మళ్లీ చదివాను. ఈసారి తప్పు పట్టలేదు. టెక్కలి దాటిపోయిందా, వడలు ఎందుకు తీసుకోలేదు అని అడిగారు.